భుజం మీద చిరుగు

రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళను మనం చాలామందిని చూశాం. ఈ పిల్ల మూడింటి మీద పెట్టింది. తనకున్నవి రెండే కాళ్ళని ఎవరైనా గుర్తు చేసినా వినే తీరిక ఆమెకు లేదు. సినిమా కోర్సులో చివరి ఏడాది. ఒక చేత్తో సొంత లఘుచిత్రం తీస్తోంది. ఇంకో చేత్తో, క్లాసులో స్నేహితురాలు పావురాల మీద తీసిన డాక్యుమెంటరీకి ఎడిటింగ్ చేసిపెడుతోంది. ఖాళీగా మిగిలింది నోరే కాబట్టి, దాంతో ఫోనుకు చెప్పి వ్యాసం రాయిస్తోంది. వ్యాసం దేని గురించంటే, కంటిన్యుటీ గురించి. అంటే ముందు షాట్‌లో ఉన్నది తరవాతి షాట్‌లోనూ అలాగే ఉండేటట్టు కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసుకోవడం. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

ఇంట్లో ఆమెను డైరెక్టరమ్మ అంటారు. మొదట్లో వెక్కిరింపుకే అన్నారు, తరవాత నోటికి అలవాటైపోయింది. నాన్న దర్జీ. కూతురు ఏం చదువుతోందో ఆయనకు ఇప్పటికీ సరిగ్గా అంతుపట్టలేదు. ఎవరైనా అడిగితే మెడలో టేపు సర్దుకుంటూ, "ఏదో కెమెరా పని" అని మాట మార్చేవాడు. ఆ 'ఏదో' ఆమెకు గుచ్చుకునేది. ఏడాది చివర కాలేజీ హాల్లో పెద్ద తెర మీద ఎంపికైన సినిమాలు వేస్తారు, ఇంటివాళ్ళను పిలుస్తారు. తన సినిమా ఆ తెర మీద పడాలి, నాన్న ఒక్కసారి కుదురుగా కూర్చుని చూడాలి. ఆమె కోరికల్లా అదే. ఎంపిక చేసేది మాత్రం ఒకాయన, పిల్లలు కంటిన్యుటీ మాస్టారని పిలుచుకునే పెద్దమనిషి. గ్లాసులో టీ తనంతట తాను పెరిగిందంటే చాలు, ఆయన బొమ్మ ఆపించి, లైట్లు వేయించి, తీసినవాళ్ళను గుమ్మం దాకా సాగనంపేవాడు.

సినిమాలో హీరో ఆమె మావయ్య. అసలు ఉద్యోగం బస్సు నడపడం. కథలో ఆయన పని కోసం ఊరంతా తిరుగుతాడు. చొక్కా భుజం దగ్గర జానెడు చిరిగి ఉంటుంది, రోజంతా ఒక్కరూ ఆయన వంక చూడరు. మేనకోడలి కోసం ఆయన గడ్డం పెంచాడు, అత్తయ్య సణుగుడు భరించాడు. ఒక ఆదివారం సగం సినిమా తీశారు. చొక్కాను ఇంట్లో తలుపు వెనక కొక్కేనికి తగిలించి, మరుసటి ఆదివారం మిగతా సగం తీశారు. ఆ రెండోరోజు డైరెక్టరమ్మ ఒళ్ళో లాప్‌టాప్, చేతిలో ఫోను. "యాక్షన్" అని అరిచి, ఒక కన్ను పావురాల మీద వేసేది. "కట్" అని, ఫోనులో "కంటిన్యుటీకి ప్రాణం దర్శకుడి ఏకాగ్రత" అని చెప్పి రాయించేది.

మర్నాడు ఎడిటింగ్ గదిలో రెండు సగాలూ కలిపి చూస్తుంటే, పావురాల స్నేహితురాలు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బావుందే. ఈయన కొత్త చొక్కా ఎప్పుడు కొనుక్కున్నాడు?"

"కొత్త చొక్కా ఏంటి?"

"మరి చిరుగేదీ?"

డైరెక్టరమ్మ బొమ్మను వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. చిరుగు లేదు. రెండో ఆదివారం తీసిన ఏ షాట్‌లోనూ లేదు. మావయ్య భుజం నున్నగా, బుద్ధిగా, తెర నిండా ఉంది. వెంటనే మావయ్యకు ఫోన్ చేసి, చిరుగు లేదని చూసుకోలేదా అని అడిగింది.

"చూశాను అమ్మడూ," అన్నాడాయన తాపీగా. "కథ మార్చావేమో అనుకున్నా. డైరెక్టర్ని ప్రశ్నలడిగితే బాగోదు కదా!"

"మళ్ళీ తీద్దాం మావయ్యా, రేపే రా."

"వస్తాగానీ... గడ్డం పొద్దున్నే గీయించేశా. మీ అత్తయ్య బతకనివ్వలా."

కొంప మునిగింది. ఎవరు ముంచారో ఆరా తీయక్కర్లేదు. ఆమె తిన్నగా నాన్న కొట్టుకు వెళ్ళింది.

"నాన్నా, ఆ చొక్కా ఎందుకు కుట్టావ్?"

"చిరిగింది కాబట్టి."

"అది చిరిగే ఉండాలి! కావాలని నేనే చింపుకున్నా!"

నాన్న ఆమె వంక జాలిగా చూశాడు. "తలుపు తీసినప్పుడల్లా కనబడుతోంది. దర్జీ ఇంట్లో అలా వేలాడుతుంటే ఎలా ఊరుకోమంటావమ్మా? ఊరుకుందామనే చూశాను. అన్నం సహించలా."

"అది ఎవరూ చూడని చొక్కా నాన్నా! కథే అది!"

"నేను చూశాగా," అన్నాడు ఆయన, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

 ఆమె కోపం ఎటు పోయిందో తెలియలేదు. కాసేపు ఆయన చేతుల వంకే చూసి, ఇంటికి పరుగెత్తి కెమెరా, చొక్కా తెచ్చింది. రెండు సగాల మధ్య ఒకే ఒక్క షాట్ కావాలి. చిరిగిన చొక్కాను ఎవరో చూడాలి, కుట్టాలి.

నటించమంటే నాన్న తల దువ్వుకుని వచ్చి, ఫోటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయాడు. మామూలుగా ఉండమంటే ఇంకా బిగుసుకున్నాడు. పైగా కుట్టిన చోటే మళ్ళీ చింపమంటే ఒంటికాలి మీద లేచాడు. ఆమె వాదించలేదు. కెమెరా ఆన్ చేసి, కత్తెర తీసుకుని, ఆయన కళ్ళ ముందే భుజం పర్రున చింపేసింది.

"అయ్యయ్యో, పాపిష్టిదానా!" అని నాన్న చొక్కా లాక్కున్నాడు. కెమెరా సంగతే మర్చిపోయాడు. లోపలి మడత నుంచి దారం పోగు లాగి, గొణుక్కుంటూ, పోగుకు పోగు కలుపుతూ కుట్టసాగాడు. ఆమె యాక్షన్ అననేలేదు. తరవాత ఆ తిట్టునూ గొణుగుడునూ తీసేసి, చేతులను మాత్రం ఉంచుకుంది.

కంటిన్యుటీ మాస్టారు సినిమా చూశారు. కుట్టే షాట్ దగ్గర ఆపారు. 

"ఈ దర్జీ ఎవరు? ముందు లేడు, తరవాతా లేడు."

"చిరిగింది కనబడితే ఊరుకోలేని మనిషి సార్."

మాస్టారు బొమ్మను వెనక్కి తిప్పి, ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వెళ్ళి చూశారు. "దారం రంగు కలిసింది," అన్నారు చివరికి. అంతకు మించిన పొగడ్త ఆ నోటి వెంట ఎవరూ వినలేదు. "వేద్దాం. వ్యాసం మాత్రం మళ్ళీ రాసుకురా. మధ్యలో 'ఆ లావు పావురాన్ని తీసెయ్, చూడలేక చస్తున్నా' అని ఉంది."

ఆ రోజు హాలు నిండింది. నాన్న ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు, మెడలో లేని టేపు కోసం మాటిమాటికీ చెయ్యి వెళుతోంది. ఆ పక్కన మావయ్య తెర మీద తనను తాను చూసుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. కుట్టే షాట్ వచ్చింది. నాన్న వేళ్ళు స్తంభాలంత అయ్యాయి, హాల్లో చప్పుడు లేదు. డైరెక్టరమ్మ తెర చూడలేదు, నాన్న ముఖం చూసింది. ఆ ముఖం వాడిపోయింది. చుట్టూ చప్పట్లు మోగినా తేరుకోలేదు.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగింది. "నచ్చలేదా నాన్నా?"

"మూడో కుట్టు పక్కకు పోయింది."

"ఏంటీ?"

"గోరంత కుట్టును కొండంత చేసి అంతమందికి చూపించావు! ముందే ఒక్క మాట చెబితే ఇంకా దగ్గరగా వేసేవాణ్ణి కదమ్మా!"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నాన్న చూశాడు. ఆ హాల్లో ఇంకెవరూ చూడనంతగా చూశాడు. ఇంతలో ఎవరి తండ్రో పలకరింపుగా, "మీ అమ్మాయి ఏం చదువుతోందండీ?" అని అడిగాడు.

నాన్న చెయ్యి మెడ దాకా వెళ్ళి, టేపు దొరక్క కిందికి దిగింది. "మా అమ్మాయి డైరెక్టరండీ," అన్నాడు. తరవాత అడిగినాయన చెవి దగ్గరకు వంగి, "కుట్టు మాత్రం నాది. ఆ మూడోదాన్ని పట్టించుకోకండి," అన్నాడు.

మర్నాడు పొద్దున తలుపు వెనక కొక్కెం ఖాళీగా ఉంది. చొక్కా అప్పటికే కొట్టుకు వెళ్ళిపోయింది.