గండిలో గడప

భర్త పోయిన హుల్డా రెన్‌ఫ్రో ఒంటెద్దు బండిలో నెబ్రాస్కా మెట్టకు వచ్చినప్పుడు, పశువుల ఆసామి కెటరింగ్ ఎదురొచ్చి మరీ దారి చూపించాడు. "అదిగో, ఆ పైన బల్లపరుపు నేలమ్మా. అక్కడ వేసుకోండి ఇల్లు." నీళ్ల ఊసు మాత్రం ఎత్తలేదు. అక్కడ నూరడుగులు తవ్వినా చెమట తప్ప తడి తగలదు. వచ్చినవాళ్లు ఏడాది తిరక్కుండా మూటాముల్లె సర్దుకుంటారు. అలా ఆరు కుటుంబాలను సాగనంపిన ఘనుడాయన.

హుల్డా బుద్ధిగా తలూపి, ఆయన అటు వెళ్లగానే ఆయన ఆవుల వెంట పడింది. మనిషి అబద్ధమాడతాడు గానీ దాహమేసిన గొడ్డు ఆడదు. పాతిక కాలిబాటలు ఒక్కటై ముళ్లపంది వాగుకు దారితీశాయి. వాగుకు రెండు వైపులా నిలువు గట్లు. మైళ్ల పొడవునా గొడ్డు దిగగలిగిన గండి అదొక్కటే. కనుచూపు మేర భూమంతా తనదేననుకున్న కెటరింగ్, ఆ నీటి పక్కన సెంటు నేలకైనా కాగితం రాయించుకోలేదు. అయిదేళ్లు కాపురమున్నవాళ్లకు సర్కారు ఉచితంగా ఇచ్చే నూట అరవై ఎకరాలను నలభై ఎకరాల ముక్కలుగా వరుసలో కూడా తీసుకోవచ్చు. హుల్డా నాలుగు ముక్కలనూ వాగు వెంబడే పరిచి, గండిలో మట్టిపెళ్లల ఇల్లు కట్టింది. కంచె వేసినా ఆయన పశువులకు గేటు తెరిచే ఉంచింది. అందుకాయన కృతజ్ఞతగా ఒక్కసారైనా టోపీ తీయలేదు.

అయిదేళ్లు నిండాయి. పట్టా రావాలంటే ఆమె అక్కడే కాపురమున్నదని ఇద్దరు పొరుగువాళ్లు ప్రమాణం చేయాలి. చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా కెటరింగ్ ఉప్పు తినేవాళ్లే. సాక్షులు లేకపోతే నేల పోతుంది.

గేటు దగ్గరకొచ్చిన కెటరింగ్ గుర్రం దిగకుండానే నవ్వాడు. "ఎవరొస్తారమ్మా మీ సాక్ష్యానికి? మా గొడ్లా?"

"వాటినే అడుగుతానయ్యా," అని ఆమె గేటుకు గొలుసు వేసింది.

జూలై ఎండ. కంచె తెంపితే జైలు. మూడు వేల గొడ్లు ఒకటిన్నర రోజు అరిచాయి. ఆ అరుపుకు హుల్డాకూ నిద్ర పట్టలేదు గానీ గొలుసు తీయలేదు. రెండో రోజు మధ్యాహ్నం కెటరింగ్ గుర్రం దిగి వచ్చి, తానూ తన పశువుల కాపరుల మేస్త్రీ సాక్ష్యానికి వస్తామన్నాడు. ఆమె వెంటనే గేటు తీసింది. మాట తప్పితే గొలుసు ఉండనే ఉంది.

మర్నాడు భూముల కచేరీలో ప్రమాణం చేయించి గుమాస్తా అడిగాడు, ఈమె ఇన్నేళ్లూ ఇల్లు వదల్లేదని మీకెలా తెలుసని. కెటరింగ్ మీసం నమిలాడు. మేస్త్రి కిటికీ వైపు తిరిగాడు.

"వెళ్లిపోయిందేమో చూద్దామని అయిదేళ్లుగా రోజూ పొద్దున్నే గుట్టెక్కుతున్నానండి," అన్నాడు కెటరింగ్. "ఒక్కరోజు కూడా పోలేదు."