ఖాళీ అయ్యాక

ఇంత చిన్న నోటికి అంత పౌరుషం ఎక్కడిదో, ఎడమ వైపు పెట్టగానే మొహం తిప్పేసుకుంటుంది, కుడి వైపు మారిస్తే ఏమీ ఎరగనట్టు గుటకలు వేస్తుంది, పక్క కుర్చీలో అత్తయ్య చూస్తూనే ఉంది, అచ్చం వాళ్ళ అమ్మమ్మే, మొండిఘటం అంటోంది, నా పుట్టింటివాళ్ళని అనడానికి ఈవిడకి ఆసుపత్రిలో తల్లులు పాలిచ్చే గదైనా పనికొస్తుంది, తలుపు మీద ఎవరో నవ్వుతున్న పాప బొమ్మ అతికించారు, దాన్ని గోళ్ళతో గీకి పారెయ్యాలనిపిస్తోంది, స్కానింగుకి ముందు రెండు వైపులా పాలు ఖాళీ చేసుకోండమ్మా, అప్పుడే గడ్డ సరిగ్గా కనబడుతుంది అని నర్సు చెప్పి వెళ్ళిపోయింది, తాగాల్సింది తాగనని కూర్చుంటే ఎలా ఖాళీ చేసేది.

పాలగడ్డేనంటుంది అత్తయ్య, ఎంత మెత్తటి మాట, వెన్నముద్ద అన్నట్టు, మా వీధి డాక్టరూ అదే అన్నాడు, చెయ్యి వేసి చూడకుండా, పాలిచ్చే తల్లులకి ఇవన్నీ మామూలేనమ్మా, కాపడం పెట్టుకోండి, ఆ ముక్క పట్టుకుని అత్తయ్య రోజూ వేడి గుడ్డతో అదిమి అదిమి, ఓర్చుకోవాలమ్మాయ్, మేము ఓర్చుకోలేదూ, ముగ్గురిని పెంచాను, ఒక్కడూ ఇలా మొహం తిప్పలేదు, అంటే తప్పు పాపదో నాదో అన్నమాట, ఆయనైతే ఫోన్లో, అమ్మ చెప్పినట్టు వినొచ్చుగా, నీకన్నీ అనుమానాలే, అవును, అనుమానాలే, చొక్కా గుండీ ఊడితే మాత్రం ఏ అనుమానం లేకుండా నా దగ్గరికే తెస్తాడు.

పొద్దున దేవుడి ముందు చేతులు జోడించాను గాని మాట పెగల్లేదు, బిడ్డ నోటికి అందే చోటే పెట్టాలా స్వామీ దీన్ని, ఇంకెక్కడా చోటు దొరకలేదా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను, అడిగితే ఏం, అడగొద్దన్నది నువ్వా స్వామీ, లేక అత్తయ్యా.

గడ్డలోకి సూది గుచ్చుతారట కదా, గుచ్చితే పాలు విరిగిపోతాయి, పసిదాని నోట్లో మట్టి కొట్టకు అంటోంది అత్తయ్య, ఇక్కడి డాక్టరమ్మ ఈవిడ ఎదురుగానే చెప్పింది, పరీక్ష చేసినా పాలివ్వచ్చు, కడుపుతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ వచ్చే గడ్డల్లో చాలావాటికి భయం లేదు, ఎక్కడో అరుదుగా కొన్ని ఉంటాయి, ఆ అరుదైనది కాదని తేల్చుకోవడానికే సూది, అదేమీ ఈవిడ చెవికెక్కలేదు, నాకు మాత్రం అరుదు అన్న మాట ఒక్కటే ఎక్కింది, ఎక్కి దిగడం లేదు.

సరే, తాగనిదాన్ని బతిమాలడం ఎందుకని పాపని భుజాన వేసుకుని గిన్నెలోకి నేనే పిండుకుంటున్నాను, ఇంత గట్టిగానా, మెల్లగా అంటోంది పక్కనుంచి, ఆ మెల్లగా అన్న మాట గుడ్డతో అదిమేటప్పుడు ఎక్కడ దాక్కుందో, చుక్కలు సన్నబడ్డాయి, ఆగిపోయాయి, రొమ్మంతా జావగారిపోయింది, అది తప్ప, గోళీకాయలా అక్కడే, అంతే గట్టిగా, పాలు పోయాక ఇంకా స్పష్టంగా, చూడండి అత్తయ్యా అని ఆవిడ చెయ్యి లాక్కుని పెట్టాను, ఇన్నాళ్ళూ గుడ్డ మీంచే గాని ఒట్టి వేళ్ళతో ఒక్కసారీ తాకలేదు ఈవిడ, ఆ వేళ్ళు అక్కడే ఆగాయి, ఇదేమిటే, పాలు లేవుగా అంది, పాపని అందుకోవడానికి చేతులు చాపింది.

మొదటిసారి ఈవిడ పాలగడ్డేనని అనలేదు, నేను గెలిచాను, తలుపు తీసి నర్సు రమ్మంటోంది, లేచాను, గెలిచినదాన్ని గుమ్మం దగ్గర ఆగి ఈవిడ మొహం కేసి ఎందుకు చూస్తున్నాను, ఇన్నాళ్ళూ కాదు కాదని ఈవిడతో కొట్లాడింది ఆ మాట మీద కోపంతో కాదు, కాదంటే ఇంకా గట్టిగా అవునంటుందని, ఇది పాలగడ్డేనని ఈవిడ నోట మళ్ళీ మళ్ళీ వినాలని, ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువగా అత్తయ్య మాటే నిజం కావాలని కోరుకున్నది నేనే.