అమావాస్య నాటి బళ్ళ లెక్క

మా బావ అప్పలనరసింహం బెల్లం కొట్టు ముందు కల్వర్టు ఒక పక్క కూలి మూడేళ్ళయింది. గట్టిగా వానొత్తే కాలవ నీళ్ళు కొట్లోకే. పోయినేడు పాతిక దిమ్మలు పాకమైపోయేయి.

ఈ ఏడు రోడ్ల ఆఫీసోళ్ళు ఒక్క కల్వర్టే కడతారంట. మా ఈదిదా, బడి ఈదిదా? ఏ ఈదిలో బళ్ళు ఎక్కువ తిరిగితే దానికే ముందు. లెక్కకి దివ్య అనే ఉద్యోగిని పంపేరు. ఆ పిల్ల కుర్చీ ఏసుకుని, బండికో గీత గీత్తాది.

వచ్చింది అమావాస్య నాడు. అమావాస్యకి మా బెల్లం వర్తకులు కాటా ముట్టరు. పదయ్యేసరికి కాగితం మీద నాలుగే గీతలు. అందులో ఒకటి పాల బండి.

"ఈ వానలకీ మునిగినట్టే" అన్నాడు బావ.

"నువ్వెళ్ళి తొంగో బావా, నేను సూసుకుంటాను."

"నువ్వు సూసుకుంటానంటేనే నాకు బయ్యం, తాతబ్బాయీ."

ఆటో స్టాండులో లోవరాజుకీ, ఇంకో అయిదుగురికీ టీ, పకోడీ ఇప్పించేను. ఈదిలోంచెళ్ళి, ఎనకసందులోంచి తిరిగొచ్చి, మళ్ళీ ఎళ్ళమన్నాను. సాయంత్రం దాకా తిరిగేరు. లోవరాజైతే ఎళ్ళినప్పుడల్లా ఆ పిల్లకి దణ్ణం పెట్టేడు. ఆ పిల్ల తలెత్తకండా గీతలు గీసింది.

నెల తిరక్కండా రోడ్ల ఆఫీసోళ్ళు ఇద్దరొచ్చి కొట్టు గోడకి ఎర్రరంగు గీత కొట్టేరు.

"ఏటిది?" అన్నాడు బావ.

"ఇన్ని బళ్ళు తిరిగే రోడ్డు ఇరుగ్గా ఉంటే ఎలాగండీ? ఎడల్పు సేత్తారు. అరుగూ, ముందు గదీ పోతాయి."

"మరి కల్వర్టో?"

"అది ఆ తరవాత."

బావ నాకేసి సూసేడు. నేను గోడకేసి సూసేను.

"రంగు మంచిదే బావా" అన్నాను.

బావ కాలిజోడు తీసేడు.

మర్నాడు ఆఫీసుకెళ్ళి దివ్య దగ్గిర అంతా ఒప్పేసుకున్నాను. ఆ పిల్ల ఫైలు తీసి ఆఖరి గడి సూపించింది. "బజారు సెలవు. ఆరు ఆటోలే తిరిగి తిరిగి వచ్చేయి. మళ్ళీ లెక్క కట్టాలి" అని ఆ రోజే రాసేసిందంట.

"పైవాళ్ళు కింద వేసిన మొత్తం అంకె చూశారు గానీ, ఈ గడి చదవలేదు బాబాయ్" అంది. "మళ్ళీ వస్తాను. ఎప్పుడన్నది మాత్రం మీకు చెప్పను."

దాంతో బావ రోజూ పొద్దున్నే నన్ను కొట్టెనక గదిలో కూకోబెట్టి బయట తాళం ఏసేవోడు. బోయినం కిటికీలోంచి. తొమ్మిదోనాడు ఆ పిల్లొచ్చింది. మా ఈదికి రెండొందల పన్నెండు బళ్ళు. బడి ఈదికి రెండొందల నలబై.

ఈ మాత్రం బళ్ళకి ఎడల్పు అక్కర్లేదని గోడ మీద గీతకి సున్నం కొట్టేసేరు. కల్వర్టు బడి ఈదికెళ్ళిపోయింది. మాది వచ్చేయేడు సూత్తారంట.

మొదటి మబ్బు పట్టిన్నాడు దిమ్మలన్నీ అటక మీదకి మోసింది నేనే. బావ నిచ్చెన పక్కన పీటేసుకుని, కాగితం మీద దిమ్మకో గీత గీసేడు.

"లెక్కెందుకు బావా? మొయ్యడం లేదేటి నేను?"

"మోత్తన్నావు. ఒకే దిమ్మ ఎన్నిసార్లు మోత్తన్నావో సూడాలి కదా."