ఒంటికన్ను చేపపిల్లలు

అది తొంభై ఏడు వానాకాలం. సూరత్‌లోని ఒక కాలేజీలో విజయశ్రీ చేప పిండాల మీద పరిశోధన చేస్తోంది. తెలంగాణ నుంచి వచ్చి అదే ఊళ్లోని ఉధ్నాలో మగ్గాలు నడిపే బుచ్చిరాములు కూతురు ఆమె. గాజులాంటి గుడ్లలో కన్ను ఎలా తయారవుతుందో చూడటం ఆమె పని. మొదట తల ముందుభాగంలో కంటికోసం ఒకే మచ్చ ఉంటుంది. దాని కింది కణాలు పెరుగుదలను నడిపే ప్రోటీన్లను సంకేతంగా పంపుతాయి. ఆ సంకేతం అందితే మచ్చ రెండుగా విడిపోయి రెండు కళ్లవుతుంది. అందకపోతే విడిపోదు.

ఒకరోజు ల్యాబులో నీళ్లు రాలేదు. రంగుల మిల్లులుండే పాండేసరలో, అన్న నరహరి ఉండే కూలీల గదుల లైన్లోని బోరింగు దగ్గర ఆమె ఒక క్యాన్ నింపుకొచ్చింది. మర్నాడు చూస్తే, ఆ నీళ్లలో పెట్టిన పిండాల్లో చాలావాటికి తల మధ్యన ఒకే కన్ను. క్రిములేమోనని నీళ్లు మరగబెట్టి, చల్లార్చి, వాటిలో కొత్త గుడ్లు వేసింది. మళ్లీ అదే.

నరహరి భార్య పద్మారాణికి అప్పుడు నాలుగో నెల. మనుషుల్లో ఈ విడిపోవడం ఎప్పుడు జరుగుతుందని విజయశ్రీ తన గైడును అడిగింది. నెల తప్పిన సంగతి తల్లికి తెలిసే వేళకే అయిపోతుందని మేడం చెప్పింది. చేపకు జరిగింది మనిషికి జరగాలని లేదంది. అయినా ఆ నీళ్లు తాగొద్దంది.

ఆ సాయంత్రమే విజయశ్రీ వదినను ఉధ్నాకు తీసుకొచ్చింది. నీళ్లు బాగాలేవని మాత్రమే చెప్పింది. పద్మారాణి పొట్ట నిమురుకుంటూ పుట్టబోయే బిడ్డతో మాట్లాడుతుంటే విజయశ్రీ అక్కడ కూర్చోలేక లేచి బయటికి వెళ్లేది.

ఆడపిల్ల పుట్టింది. రెండు నల్లటి కళ్లు. విజయశ్రీ ఆసుపత్రి గోడకు ఆనుకుని ఏడ్చింది. అప్పుడు గానీ అన్నకు మొత్తం చెప్పలేదు. నరహరి నవ్వి, లైన్లో అందరికీ అదొక ముచ్చటలా చెప్పాడు.

తర్వాత ఆమె పాండేసర వెళ్లేసరికి రంగుల మిల్లు వెనక కాలువ ఎర్రగా పారుతోంది. కొత్తగా కాపురానికొచ్చిన భూదేవి బోరింగు కొడుతోంది. విజయశ్రీ ఆమెను పక్కకు పిలిచి, ఆ నీళ్లు తాగొద్దని చెప్పింది.

"పద్మక్క గివే తాగలేదా? బిడ్డ బంగారమోలె ఉన్నది గద" అంది భూదేవి.

"ఆమెకు ఏం కాలే. నీకు అయితదో కాదో నాకు తెల్వదు. అందుకే చెప్తున్న."

"మరి నీళ్లు ఏడికెళ్లి తెచ్చుకోవాలె?"

భూదేవి నిండిన బిందె నడుమున పెట్టుకుని లోపలికి వెళ్లింది. వెనక నిలబడ్డ ఆడవాళ్లు తమ బిందెలు ముందుకు జరిపారు.