బంతి ఆపే బావమరిది

పొద్దున్నుంచీ కోచ్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వంటగది నుంచి వరండాకి, వరండా నుంచి మళ్ళీ వంటగదికి. చేతిలో కాఫీ ఉందన్న సంగతే మరిచిపోయాడు.

"కూర్చుని తాగండి. మా తమ్ముణ్ణి పంపించెయ్యడానికి అంత కంగారెందుకు?" అంది భార్య.

"పంపిస్తానని ఎవరన్నారు?"

"ఉంచుతానని మీరూ అనలేదుగా."

కోచ్ చల్లారిపోయిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి క్లబ్బుకి బయల్దేరాడు.

సంగతేమిటంటే, హాకీ క్లబ్బులు ఆటగాళ్ళని మార్చుకునే గడువు ఆ సాయంత్రంతో ఆఖరు. అవతలి క్లబ్బు, లేడిలా పరిగెత్తే ఆటగాణ్ణొకణ్ణి ఇస్తానంది. బదులుగా ఎవరిని అడిగిందయ్యా అంటే, గోల్ మీద గోల్ కొడతాడని అందరూ ఫిరంగి అని పిలిచే ఆటగాణ్ణి కాదు, కోచ్ బావమరిదిని. అది విని కమిటీ పెద్దలు పకపకా నవ్వారు. కోచ్ కూడా నవ్వాడు. బావమరిది గోల్ కొట్టి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. పెనాల్టీ కార్నర్ వచ్చినప్పుడు గోల్ పక్కనున్న గీత మీంచి ఒకడు బంతిని బయటికి తోస్తాడు. దాన్ని దూరంగా నిలబడి కర్రతో ఆపడం బావమరిది పని. ఆగిన బంతిని ఫిరంగి లాగి వలలోకి విసురుతాడు. చప్పట్లు ఫిరంగికి, ఫోటోలు ఫిరంగికి. ఆపినవాడు ఎవరిక్కావాలి?

పైగా చుట్టరికం ఒకటి. బావ కోచ్ కాబట్టి నెట్టుకొస్తున్నాడని అందరూ చెవులు కొరుక్కునేవారు. ఆ మాట పడకూడదని కోచ్ ఇన్నేళ్ళూ అతణ్ణి మైదానంలో అందరికంటే గట్టిగా తిట్టాడు, పదిమందిలో ఒక్కసారి మెచ్చుకుంటే ఒట్టు. నిష్పక్షపాతం అంటే అదేననుకున్నాడు మహానుభావుడు.

ఆ పూట ప్రాక్టీసులో బావమరిదిని పక్కన నిలబెట్టి, బంతి ఆపడానికి ఇంకొకణ్ణి పెట్టి చూశాడు. బంతి కర్రకి తగిలి ఎగిరింది. ఫిరంగి గాలిని కొట్టాడు. మరొకణ్ణి పెట్టాడు. ఈసారి బంతి పక్కకి జారింది, ఫిరంగి విసిరింది గోల్ పోస్టు ఛాయలకైనా పోలేదు. అతను కర్ర నేలకేసి కొట్టాడు.

"నాకు బంతి చచ్చినట్టు పడుండాలి సార్. ఇలా గెంతుతుంటే నేనేం చేసేది?"

"ఇన్నాళ్ళూ ఎలా కొట్టావు?"

"ఇన్నాళ్ళూ గెంతలేదు."

కోచ్‌కి ఫిరంగిలో ఇంతకాలం మందు కూరుతున్నది ఎవరో అప్పుడు బోధపడింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పక్కింటివాడు వచ్చి ఆకు అడిగితే గాని ఈయనకి చెట్టు కనపడలేదు.

బావమరిదిని ఆఫీసు గదిలోకి పిలిచాడు. తడి మేజోళ్ళ వాసన, చిరిగిన ప్యాడ్ల గుట్ట, కూర్చుందామంటే ఒకే కుర్చీ.

"నిన్నెక్కడికీ పంపట్లేదురా. నిశ్చింతగా ఉండు."

బావమరిది మోకాలికి చుట్టిన పట్టీ విప్పుకుంటూ తలెత్తలేదు.

"నన్ను అడగమని వాళ్ళకి చెప్పింది నేనే బావా."

కోచ్ కుర్చీలో కూలబడ్డాడు. "ఏం, ఇక్కడ నీకేం తక్కువైంది?"

"ఇక్కడ బాగా ఆడినా నీ బావమరిదినే, చెత్తగా ఆడినా నీ బావమరిదినే. మోకాళ్ళు పూర్తిగా పోకముందు ఒక్క ఏడాది ఉత్త ఆటగాడిగా ఆడాలనుంది."

కోచ్‌కి కోపం వచ్చింది. వెనకే సిగ్గూ వచ్చింది. ఏదో అనబోతుంటే ఫోన్ మోగింది. అవతలి క్లబ్బు కోచ్.

"ఒక్క విషయం నిజం చెప్పండి. చుట్టరికం కొద్దీ మీరు మోస్తున్నారని మావాళ్ళ సణుగుడు. అతను నిజంగా పనికొస్తాడా? మీరు అవునంటే తీసుకుంటాం, లేకపోతే వదిలేస్తాం."

కోచ్ లెక్కేసుకున్నాడు. అబద్ధం కూడా అక్కర్లేదు, కాస్త నసిగితే చాలు. పాము చావకుండా, కర్ర విరగకుండా బావమరిది ఉండిపోతాడు, జట్టు నిలబడుతుంది, ఇంట్లో పోరూ ఉండదు. బావమరిది గుమ్మం దగ్గర బూట్లు చేత్తో పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

కోచ్ ఫోన్ చెవికి గట్టిగా ఆనించాడు.

"ఎంత జోరుగా వచ్చిన బంతయినా అతని కర్ర తగిలితే ఇక కదలదండీ. తడి నేలైనా అంతే. ఓడిపోయే ఆటలో కూడా అతని చెయ్యి వణకడం నేను చూడలేదు. మా గోల్స్ అన్నీ ఫిరంగివే అనుకుంటారు, సగం ఇతనివి. నా దగ్గర ఆడినవాళ్ళలో ఇలాంటివాడు ఇంకొకడు లేడు. తీసుకోండి."

కోచ్ ఫోన్ పెట్టేశాక బావమరిది బూట్లు కింద పెట్టి దగ్గరికొచ్చాడు.

"ఇదంతా నీకు ముందే తెలుసా బావా?"

"చూస్తూనే ఉన్నానుగా."

"అందులో ఒక్క ముక్క ఎప్పుడైనా నాతో అనుంటే, వాళ్ళకి కబురే పెట్టేవాణ్ణి కాదు," అన్నాడు బావమరిది.