మేస్త్రీ ముందు నడిచిన రైలు

మేస్త్రీ రైలు పట్టాకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి, రెండో కంటితో దాని పొడవునా చూశాడు. మూడో అతుకు దగ్గర వేలెడంత పల్లం ఉంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ నాలుగు మైళ్ల దారిని ఆయన అలాగే చూస్తున్నాడు. నేలను ముద్దుపెట్టుకునే ఉద్యోగమని ఇంట్లో ఆవిడ వెక్కిరించేది.

"కంకర ఇంకా కొట్టాలి," అన్నాడు లేచి, మోకాళ్లు దులుపుకుంటూ.

తెల్లవారుతుండగా శత్రు విమానాలు వచ్చి ఐదు బాంబులు వేసి పోయాయి. వాటిలో నాలుగు, స్టేషను గోడల్నీ నీళ్ల ట్యాంకునీ కూల్చాయి. ఐదోది లైను మధ్యలో లారీ పట్టేంత గొయ్యి చేసింది. కూలిన గోడల ఇటుకలే అందులో పోసి, పైన కంకర పరిచి, గ్యాంగులోని ఎనిమిదిమందీ మధ్యాహ్నానికల్లా పట్టాలు కలిపారు. సిగ్నలు దగ్గర ఆసుపత్రి రైలు ఆగి ఉంది. అందులో మూడొందలమంది క్షతగాత్రులు. విమానాలు మళ్లీ వస్తే దిగి పరుగెత్తగలిగినవాళ్లు వాళ్లలో పదిమంది కూడా లేరు.

ఇంజనీరుకు కాలు నిలవడం లేదు. "ఇంకా మీనమేషాలు లెక్కపెడతావేంటి మేస్త్రీ? పంపించెయ్."

"పంపిస్తా సార్. ఒక్క అరగంట."

"ఈలోగా వాళ్లొస్తే?"

"వాళ్ల సంగతి నాకు తెలీదు. ఇప్పుడు పంపితే బండి పడుతుందని మాత్రం తెలుసు."

ఇంజనీరు ఆకాశంకేసి చూశాడు. తొందరపెట్టినా ఒరిగేదేమీ లేదు. కొత్తగా వేసిన పట్టాల మీద మేస్త్రీ ముందు నడవనిదే ఆ లైనులో ఏ డ్రైవరూ ఇంజను కదపడు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు, వాళ్లలో వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు.

మేస్త్రీ తానూ ఒక పలుగు అందుకున్నాడు. ఎడమ భుజం లాగింది. వయసును నాలుగు తిట్లు తిట్టి, కంకర దిమ్మెస కొట్టిన నేలలా బిగిసేదాకా కొట్టాడు. తర్వాత చెప్పులు విడిచి పట్టాల కింది స్లీపరు దిమ్మ మీద నిలబడ్డాడు. వెనక వచ్చే ఇంజను బరువుకు నేల ఎంత దిగుతోందో అరికాలికే తెలుస్తుంది.

ఇంజనులోంచి డ్రైవరు తల బయటపెట్టాడు. మేస్త్రీకి స్వయానా అల్లుడు. "మామా, నీ ఇటుకల్ని నమ్ముకుని వస్తున్నా. నాకేమన్నా అయితే మీ అమ్మాయి నిన్ను బతకనివ్వదు."

"ఆ భయంతోనేగా అరగంట ఎక్కువ కొట్టించింది. మెల్లగా రా."

ఆయన నడిచాడు. ఇంజను వెనకే వచ్చింది. మూడో అతుకు దగ్గర పట్టా కొద్దిగా దిగి, మళ్లీ లేచింది. చాలు. ఆయన పక్కకు తప్పుకున్నాడు. పద్నాలుగు పెట్టెలు ఒక్కొక్కటే దాటాయి. ఏదో కిటికీలోంచి కట్టు కట్టిన చెయ్యి ఊగింది కానీ ఆయన కళ్లు అతుకు మీదే ఉన్నాయి. చివరి పెట్టె దాటాక సంతోషంతో ఆ అతుకును అరచేత్తో తట్టాడు. ఈ పని ఇంకెవడి వల్లా అయ్యేది కాదని ఆయన మనసులో గట్టిగానే అనుకున్నాడు.

"కాసేపు నడుం వాలుస్తా. తర్వాతి బండికి లేపండి," అని లైను పక్కనే మిగిలిన గోడకు జారగిలబడ్డాడు.

గ్యాంగులో పెద్దాయన టీ తెచ్చి, నిద్ర చెడగొట్టడం ఇష్టంలేక, గ్లాసు పక్కన ఇటుక మీద పెట్టి వెళ్లాడు. గంట తర్వాత గూడ్సు కూత వినబడి లేపబోయాడు. రెండుసార్లు పిలిచాడు. భుజం తట్టాడు. మేస్త్రీ చెయ్యి ఒళ్లోంచి జారి నేల మీద పడింది.

అందరూ చుట్టూ చేరారు.

"బండి ఆపమందామా?" అన్నాడొకడు.

"ఆపితే ఆయన ఊరుకోడు," అన్నాడు పెద్దాయన. కళ్లు తుడుచుకుని పచ్చజెండా ఎత్తాడు.

నలభై వ్యాగన్ల గూడ్సు, నిండు బరువుతో, ఆయనకు నాలుగడుగుల దూరంలో ఆ గొయ్యి మీదుగా సాగిపోయింది. ఇటుక మీద అంచుదాకా పోసిన గ్లాసులో చల్లారిన టీ పైన మీగడ కాస్త ముడతపడింది, చుక్క కూడా ఒలకలేదు.