సింహాద్రమ్మ అన్నం తినే వేళ

ఆ పొద్దు ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. బలిఘట్టం మీద మబ్బు దిగింది, గొలుగొండ వైపు ఎండ కాసింది. లచ్చన్న పెళ్లాన్ని ఆటో ఎక్కించి నర్సీపట్నం ఆసుపత్రికి తీసుకొస్తున్నాడు. సింహాద్రమ్మకి నెల్లాళ్లుగా కడుపునొప్పి. రొమ్ముల నడుమ మొదలై వీపుదాకా పాకుతుంది.

దేనివల్లో లచ్చన్నకి అంతుపట్టలేదు. పనస తొనలనుకుని మాన్పించాడు. దిష్టనుకుని మిరపకాయలు తిప్పాడు. ఆటోలో పక్కన కూర్చున్న అప్పయమ్మ "గ్యాసు బాబూ, సోడా పట్టించు" అంది. డ్రైవరు వెనక్కి తిరిగి, "మా బావకీ ఇలాగే. అపెండిక్స్ పగిలిపోనాది" అన్నాడు.

లచ్చన్న పెళ్లాం కేసి చూశాడు. కోత కోస్తారా? మనిషి దక్కుతుందా?

డాక్టరు రాజేశ్వరిగారు పొట్ట నొక్కి చూశారు, స్కానింగ్ తీయించారు.

"రాళ్లు లేవు. అపెండిక్సూ కాదు, కోత అక్కర్లేదు. పొద్దున్న ఏం తింటావమ్మా?"

"తింతానండి."

"అదే, ఏం?"

సింహాద్రమ్మ నేలకేసి చూసింది.

"పోనీ నువ్వు చెప్పవయ్యా."

లచ్చన్న నోరు తెరిచాడు. పాతికేళ్ల కాపరం. తనకి పెడుతుంది, పిల్లలకి పెడుతుంది, ఆవుకి కుడితి పోస్తుంది. ఆ తర్వాత? ఎంత వెతుక్కున్నా ఆమె చేతిలో ముద్ద కళ్లకి కట్టలేదు.

"మాత్రలేమైనా వేసుకుంటున్నావా?"

"కడుపుకేటీ ఎయ్యనండి. మోకాళ్ల నొప్పికే. సెరుకు నరకడానికెల్లే ముందు ఒక బిళ్ల, టీతో. శివరాత్రి కాణ్ణించి."

డాక్టరుగారు పెన్ను కింద పెట్టారు. "ఖాళీ కడుపున ఆ బిళ్ల పడితే లోపల పుండు పడుతుందమ్మా. మానెయ్. మందు రాస్తాను, వేళకి తిను. తగ్గకపోయినా, విరేచనం నల్లగా అయినా వెంటనే రావాలి."

బయటికొచ్చాక లచ్చన్న అడిగాడు. "మద్దేనం ఎప్పుడు తింతావే?"

"మీరు తిన్నాక."

"మేం తిన్నాకంటే?"

"ఏటా సోద్యం! గిన్నిలో ఉన్నప్పుడు."

"లేకపోతే?"

"కోత లేదన్నారు గదా, ఇంకేటి మావా? బేగి పద, ఆవు అరుత్తాది."

లచ్చన్న బస్టాండు పక్కన మెస్సులోకి నడిచాడు. రెండాకులు వేయించాడు. సింహాద్రమ్మ అతని వెనకాలే నిలబడింది, ఏదన్నా అడిగితే అందిద్దామన్నట్టు.

"కూకో."

కూర్చుంది. పప్పు పోశారు. అతను ముట్టుకుంటాడేమోనని ఆమె చూసింది. అతను ముట్టుకోలేదు. అన్నం మీద ఆవిరి తగ్గుతోంది. చివరికి ఆమే కలిపింది. ఎవరో పిలిచేస్తారన్నట్టు గబగబా తింటోంది. ఇలా తింటుందని అతనికి తెలీదు.

అతనూ ముద్ద కలిపాడు. ఇద్దరూ కలిసి తిన్నారు.